ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్న మన డేటాకు కొత్త చట్టం అడగాలా? అడిగితే ఏ రకం చట్టం?

శ్రీకాకుళంలో మాది రిటైరైన ఉద్యోగుల చిన్న గుంపు. సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ, ఆ తర్వాత ఎవరికి ఎంత డీఏ బకాయి అన్న లెక్కలు. మొన్న మాత్రం మాట వేరే వైపు మళ్లింది. ఉద్దానంలో మా బంధువు ఒకావిడకు డయాలసిస్ రోగుల పింఛను వస్తుంది. ఆ పింఛనుదారుల పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, జబ్బు వివరాలు అన్నీ కలిపిన ఎక్సెల్ షీటు ఒకటి ఏదో ఆఫీసు నుంచి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అక్కడి నుంచి ఒక నెట్ సెంటర్ కంప్యూటర్లోకి చేరి, తెర మీద అందరికీ కనిపించేలా కూర్చుంది. ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు. "ఆ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందట" అన్న మాట పెళ్లి సంబంధాల దాకా వెళ్తుంది. ఆవిడ ఒకటే అంది: "డబ్బులు పోతే బ్యాంకోళ్లకి సెప్తాం. ఇది ఎవులికి సెప్తాం బాబూ?"

ఎంపీ గారికి వినతిపత్రం ఇద్దామని కూర్చున్నాం. "ప్రజల సమాచారానికి రక్షణగా కొత్త చట్టం తేవాలి" అని ఒక వాక్యం రాసి, కింద సంతకాలకు గళ్లు కూడా గీసేశాం. ట్రెజరీలో పనిచేసిన ఒకాయన అడ్డుపడ్డాడు. "చట్టాలు లేక కాదు కదా మాస్టారూ. ఏ రకం చట్టమో చెప్పకపోతే ఇంకో సర్క్యులర్ పడేసి, ఇదిగో మీరడిగింది అంటారు." ఆయన మాట నిజమే అనిపించింది. ఆ తర్వాత నేను చదువుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. విజయనగరంలోనో, పార్వతీపురంలోనో మీరూ ఇలాంటి కాగితం రాయాలనుకుంటే పనికొస్తుంది.

తూకానికి రెండు రాళ్లు

ఏ చట్టాన్ని చూసినా దాన్ని రెండు ఘటనలతో తూచాను. సెక్షన్ల సంఖ్య, జైలు ఏళ్లు చూసి మంచిచెడ్డలు తేల్చలేం.

మొదటిది 2017 మే 12 నాటిది. వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకు సోకింది. సోకిన జిల్లాల్లో శ్రీకాకుళం కూడా ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. వైరస్ దూరిన కన్నాన్ని మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అంటే మధ్యలో 59 రోజులున్నాయి. ఆ 59 రోజుల్లో ప్యాచ్ వేయడం ఎవరి పని? ఆపరేటర్‌దా, కంప్యూటర్లు సప్లై చేసిన ఏజెన్సీదా, ఆఫీసు పెద్దదా? విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత మెషిన్లకైతే ప్యాచ్ దాడి జరిగాకే వచ్చింది, ఎందుకంటే వాటికి మామూలు సపోర్టు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. మరి 2017 దాకా వాటిని మార్చకుండా ఉంచింది ఎవరు? ఈ ప్రశ్నలకు ఒక మనిషి పేరు, హోదాతో జవాబు చెప్పగలిగేదే నా లెక్కలో పనికొచ్చే చట్టం.

రెండో రాయి ఆ ఎక్సెల్ షీటు. ఇందులో హ్యాకర్ లేడు, వైరస్ లేదు. ఆఫీసే తన చేతులతో బయట పెట్టింది. ఇది మా ఊరికి కొత్త కూడా కాదు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు కనిపించాయని తెలిసింది. తాళం బద్దలు కొట్టే పనే లేదు, తలుపు తీసే ఉంది.

ఉన్న చట్టాలతో సరిపెట్టుకుంటే

మొదటి దారి కొత్త చట్టమేమీ అడక్కుండా, ఉన్నవాటిని గట్టిగా అమలు చేయమనడం. ఇది తేలిగ్గా కొట్టిపారేసే దారి కాదు.

2000 నాటి ఐటీ చట్టంలో సెక్షన్ 70 ప్రకారం ప్రభుత్వం కొన్ని కంప్యూటర్ వ్యవస్థలను "రక్షిత వ్యవస్థలు"గా ప్రకటించవచ్చు. అనుమతి లేకుండా వాటిలోకి దూరితే పదేళ్ల దాకా జైలు. సెక్షన్ 70బీ కింద సెర్ట్-ఇన్ అనే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ ఉంది. అది 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలి, లాగ్‌లు, అంటే కంప్యూటర్లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే రికార్డులు, 180 రోజులు దాచాలి. ఇది ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తుంది. 2023 జూన్‌లో ప్రభుత్వ ఆఫీసుల కోసమే భద్రతా మార్గదర్శకాలు కూడా ఇచ్చారు. చదివాను, బాగా రాశారు. కోరలే లేవు.

జైలు శిక్ష బయటి నుంచి దూరినవాడికి. 59 రోజులు ప్యాచ్ వేయనివాడి గురించి ఆ సెక్షన్ మాట్లాడదు. 6 గంటల్లో చెప్పాల్సింది సెర్ట్-ఇన్‌కి, మా బంధువుకి కాదు. పోనీ ఏం జరిగిందని సమాచార హక్కు కింద మనమే సెర్ట్-ఇన్‌ను అడుగుదామా అంటే, 2023 నవంబరులో దాన్ని ఆ చట్టం పరిధి నుంచి తప్పించారు. ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు 2022 నవంబరు 23న పడిపోయి, రెండు వారాల దాకా ఓపీ చీట్లు కూడా చేత్తో రాసుకున్నారు. అయిదు సర్వర్లు, 1.3 టెరాబైట్ల డేటా అని పార్లమెంటులో చెప్పారు కాబట్టి మనకు ఆ మాత్రమైనా తెలిసింది. అది ఎయిమ్స్ కాబట్టి పార్లమెంటు దాకా వెళ్లింది. ఓ మండల కేంద్రంలోని ఆఫీసుకు అదే గతి పడితే ఎవరు అడుగుతారు?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాటేమిటి అంటారా? ఇది రెండో రాయికి దగ్గరగా వస్తుంది. డేటాను జాగ్రత్తగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. డేటా బయటపడితే ఆ మనిషికి చెప్పాలి. 2025 నవంబరులో రూల్స్ నోటిఫై చేశారు, అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అయితే సెక్షన్ 17 కింద కేంద్రం కొన్ని ప్రభుత్వ సంస్థలను దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో మొత్తానికే మినహాయించవచ్చు. నాకు ఇంకా నచ్చనిది జరిమానా వెళ్లే చోటు. అది కేంద్ర సంచిత నిధికి జమవుతుంది. రాష్ట్ర శాఖ ఒకటి తప్పు చేసిందనుకోండి, మన పన్ను డబ్బే అమరావతి జేబులోంచి ఢిల్లీ జేబులోకి మారుతుంది. నష్టపోయినావిడకు పైసా రాదు. ఐటీ చట్టంలో పరిహారం ఇప్పించే 43ఏ అనే సెక్షన్ ఉండేది. అది కంపెనీలకే తప్ప ప్రభుత్వానికి కాదు, ఆ కాస్తనీ ఈ కొత్త చట్టం తీసేస్తోంది.

అమెరికా దారి: ఒకే చట్టం రెండుసార్లు

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. అమెరికా ఈ పని రెండుసార్లు చేసింది, మొదటిసారి ఎక్కడ తప్పిందో ఒప్పుకుని రెండోసారి దిద్దుకుంది. మనం మొదటిదాన్ని అడిగి పుచ్చుకుంటే పన్నెండేళ్లు వృథా.

2002 డిసెంబరులో వాళ్ల ఫెడరల్ ప్రభుత్వ ఆఫీసులన్నిటికీ సమాచార భద్రత చట్టం వచ్చింది. ప్రతి శాఖా ఒక భద్రతా కార్యక్రమం పెట్టుకోవాలి, ఏటా రిపోర్టు పంపాలి, ప్రతి వ్యవస్థకూ అనుమతి పత్రం ఉండాలి. వినడానికి బాగుంది. జరిగిందేమిటో మన ఆఫీసుల్లో పనిచేసిన ఎవరైనా ఊహించగలరు. ఆడిట్ వస్తుందంటే ముందురోజు రాత్రి కూర్చుని మూడు రంగుల పెన్నులతో రిజిస్టర్లు నింపడం మేమూ చేశాం. అక్కడా ఫైళ్లు లావెక్కాయి, చాలాచోట్ల భద్రత తూతూమంత్రమైంది.

2014 డిసెంబరు 18న ఒబామా సంతకం చేసిన సవరణ చట్టం అక్కడే చెయ్యి పెట్టింది. పనికిరాని రిపోర్టులు తగ్గించమంది. విధానం రాసేది బడ్జెట్ కార్యాలయం, రోజువారీ పని చూసేది హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ అని విడదీసింది. ఆ శాఖకు మిగతా పౌర శాఖలు పాటించి తీరాల్సిన ఆదేశాలు ఇచ్చే అధికారం ఇచ్చింది. పెద్ద ఘటన జరిగితే 7 రోజుల్లో చట్టసభకు చెప్పమంది. ప్రతి శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు ఐజీ కాదు, ఆ శాఖ మీద తనిఖీ అధికారి) ఏటా విడిగా తనిఖీ చేయాలన్న నియమాన్ని కొనసాగించింది.

వీటిలో నా మనసుకు పట్టింది ఆ ఆదేశాల అధికారం. 2015 మే నెలలో వచ్చిన తొలి ఆదేశం ఏమిటంటే, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వ్యవస్థల్లో తీవ్రమైన లోపం ఉందని చెప్పాక 30 రోజుల్లో సరిచేయాలి. 2019లో దాన్ని 15 రోజులకు తగ్గించారు. మన 59 రోజుల పక్కన పెట్టి చూడండి. ఇంకొకటి: 2015 చివర్లో అత్యవసర ఆదేశాల అధికారాన్నీ కలిపారు. 2020 డిసెంబరు 13, ఆదివారం రాత్రి, నెట్‌వర్కుల మీద నిఘా పెట్టే సోలార్‌విండ్స్ సాఫ్ట్‌వేర్లో దొంగ కోడ్ ఉందని తేలగానే, దాన్ని నెట్‌వర్క్ నుంచి పీకేయమని ఆర్డరు వెళ్లింది. పీకేశామని సోమవారం మధ్యాహ్నం 12 గంటలకల్లా రిపోర్టు చేయాలి. మన దగ్గర అలాంటి ఫైలు ఆదివారం రాత్రి ఎవరి టేబుల్ మీద ఉంటుంది?

అలాగని అమెరికా చట్టాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వాళ్ల ఉద్యోగుల వివరాలు దాచే కార్యాలయం, ఓపీఎం అంటారు, దాని వ్యవస్థలు అనుమతి లేకుండా నడుస్తున్నాయని, వాటిని ఆపేయడం గురించి ఆలోచించమని 2014 నవంబరులోనే ఇన్‌స్పెక్టర్ జనరల్ రాశాడు. ఎవరూ ఆపలేదు. చట్టం మీద సంతకం పడేనాటికే దొంగలు లోపల ఉన్నారు. 2015లో బయటపడింది: 2 కోట్ల 15 లక్షల మంది నేపథ్య విచారణ కాగితాలు, 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలిని మార్చుకోలేం కదా. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసి ఆధార్ చెల్లింపుల్లో డబ్బు కొట్టేసిన కేసులు చూసిన మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. ఓపీఎం డైరెక్టర్ ఆ జులైలో రాజీనామా చేశారు. ఆపరేటర్ మీద వేటు వేసి చేతులు దులుపుకోలేదు, అది గమనించండి.

సోలార్‌విండ్స్ దెబ్బకు తొమ్మిది ఫెడరల్ సంస్థలు లోనయ్యాయి కాబట్టి, చట్టం ఉంటే దాడి జరగదని కూడా కాదు. పైగా "పెద్ద ఘటన" అంటే ఏదో తేల్చే పని చట్టం బడ్జెట్ కార్యాలయానికే వదిలేసింది. ఘటన చిన్నదని తేలిస్తే చట్టసభకు చెప్పే పని తప్పుతుంది.

మొదటి రాయికి ఈ చట్టం బాగా తూగుతుంది. రెండో రాయికి, అంటే ఎక్సెల్ షీటుకు, అంతగా తూగదు.

సింగపూర్ దారి: ఉద్యోగికి శిక్ష

మా గుంపులో ఎక్కువమంది మొదట కోరుకున్నది ఇదే. "ఇద్దర్ని లోపలేస్తే అందరూ దారికొస్తారు." సింగపూర్ 2018లో చేసిన ప్రభుత్వ రంగ పాలన చట్టంలో డేటాను అనుమతి లేకుండా బయట పెట్టిన ఉద్యోగికి 5,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. రెండో రాయికి సరిగ్గా సరిపోయేట్టు కనిపిస్తుంది.

నాకు మాత్రం భయమేసింది. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుకు సాయంత్రం 5 గంటలకు వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: "జాబితా ఆరింటికల్లా గ్రూపులో పెట్టాలి, అర్జెంట్." పెట్టకపోతే షోకాజ్ నోటీసు, పెడితే జైలు. పంపమన్నవాడు హాయిగా ఉంటాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఏడాది సింగపూర్‌లో సింగ్‌హెల్త్ అనే ప్రభుత్వ ఆసుపత్రుల సంస్థ నుంచి 15 లక్షల మంది రోగుల వివరాలు పోయాయి, వాళ్లలో ప్రధానమంత్రి కూడా ఉన్నారు. సంగతి పైకి చెబితే తన మీద ఒత్తిడి పెరుగుతుందని ఒక మేనేజరు చెప్పకుండా ఆగాడని విచారణ కమిటీ రాసింది. శిక్ష భయం ఎక్కువైతే జనం జాగ్రత్తపడతారో లేదో కానీ దాచిపెట్టడం మాత్రం నేర్చుకుంటారు. ఆ కేసులో సింగ్‌హెల్త్‌కు, దాని కంప్యూటర్లు చూసే సంస్థకు కలిపి పది లక్షల సింగపూర్ డాలర్ల జరిమానా వేశారు. ఆ లెక్క నాకు నచ్చింది, కింది ఉద్యోగిని జైల్లో పెట్టే లెక్క నచ్చలేదు.

ఐరోపా దారి గురించి ఎక్కువ చెప్పను. ఎన్‌ఐఎస్-2 అనే 2022 నాటి సైబర్ భద్రత నిర్దేశంలో, దాడి జరిగితే 24 గంటల్లో తొలి హెచ్చరిక, 72 గంటల్లో వివరం, నెలలో తుది నివేదిక అని మెట్లున్నాయి. సభ్యదేశాలన్నీ 2024 అక్టోబరు 17 నాటికి దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. చాలా దేశాలు ఆ గడువు దాటించాయి. మన 6 గంటల నియమం కన్నా ఈ మెట్లు తెలివైనవి. 6 గంటల్లో ఏం జరిగిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలియనిదాన్ని నింపమంటే ఆ ఫారం నిండా అబద్ధాలే ఉంటాయి.

ఢిల్లీనా, అమరావతా

మేము మొదట ఎంపీ గారి పేరు రాశాం. ఇప్పుడు మార్చాం. మనకు నొప్పి కలిగించే జాబితాలు, అంటే పింఛను, రేషను, భూమి, ఆసుపత్రి, తుఫాను పరిహారం, ఎక్కువగా రాష్ట్ర ఆఫీసుల్లోనే తయారవుతాయి. తిత్లీ వచ్చిన 2018 అక్టోబరు తర్వాత పంట నష్టం జాబితాల కోసం ఎన్ని ఆఫీసులకు ఎన్ని పాసుపుస్తకాల జిరాక్సులు ఇచ్చామో ఉద్దానం రైతునడగండి. పోలీసు, రాష్ట్ర సర్వీసులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోవి. తన ఆఫీసులు ఎలా నడవాలో రాష్ట్రం చట్టం చేసుకోవచ్చు. సమాచార హక్కుకు ఇలాగే జరిగింది. తమిళనాడు, గోవా 1997లోనే తమ చట్టాలు చేసుకున్నాయి, దేశానికి 2005లో వచ్చింది.

తన తప్పును తానే కప్పుకునే అవకాశం రాష్ట్రానికి ఎక్కువ, అది ఈ దారిలో లోటు. అందుకే తనిఖీ కాగ్ చేతిలో ఉండాలని అడుగుతున్నాం. కాగ్ నివేదిక శాసనసభలో పెట్టక తప్పదు. కన్నం ఎక్కడుందో వివరం మాత్రం అది మూసేదాకా బయటికి రాకూడదు, లేకపోతే దొంగకు దారి చూపినట్టే.

చివరికి మా కాగితంలో ఏం రాశామంటే: ప్రతి శాఖకూ భద్రతకు బాధ్యుడైన అధికారి పేరు ప్రకటించాలి, ఆయన చేతిలో ఖర్చు పెట్టే అధికారం ఉండాలి. డబ్బు ఇవ్వకుండా బాధ్యత ఇస్తే అది మెమో రాయడానికే పనికొస్తుంది. ఒక సంస్థకు అమెరికాలో లాగా గడువు పెట్టి ఆదేశించే అధికారం, అవసరమైతే వ్యవస్థను ఆపేయించే అధికారం ఉండాలి. గడువు దాటితే సమాచార హక్కు చట్టంలో లాగా రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 దాకా, ఆ అధికారి జీతంలోంచి పోవాలి, ఖజానాలోంచి కాదు. ఇది చిన్న మొత్తమే. కానీ సమాచార అధికారులు 30 రోజుల గడువు చూసి ఎంత టెన్షన్ పడతారో సర్వీసులో ఉండగా కళ్లారా చూశాను. తప్పు జరిగిందని ముందుగా చెప్పిన కింది ఉద్యోగి మీద చర్య ఉండకూడదు. ఎవరి వివరాలు బయటపడ్డాయో వాళ్లకు తెలుగులో, కాగితం మీద, సచివాలయం ద్వారా చెప్పాలి. జబ్బు, బ్యాంకు ఖాతా ఒకే జాబితాలో ఉండకూడదు, వాట్సాప్‌లో అసలే ఉండకూడదు.

ఆఖరి రెండు అంశాలూ ఏ దేశం నుంచీ తెచ్చుకున్నవి కావు, మా బంధువు ఇంటి నుంచి తెచ్చుకున్నవి.

మీ గుంపులో ఐటీ తెలిసిన కుర్రాళ్లు ఎక్కువుంటే ఆదేశాల అధికారం మీద గట్టిగా రాయండి. ఉద్యోగ సంఘంగా రాస్తుంటే కింది ఉద్యోగి రక్షణను మొదటి అంశంగా పెట్టండి, లేకపోతే చర్చలో ముందు ఎగిరిపోయేది అదే. కొత్త చట్టానికి ఓపిక లేదనుకుంటే ఉన్న 2023 మార్గదర్శకాలను తప్పనిసరి చేస్తూ ఒక జీవో అడగండి. ఆరు నెలల్లో రావచ్చు. ప్రభుత్వం మారితే పోవచ్చు కూడా.

సంతకాల రోజున ట్రెజరీ ఆయన మళ్లీ అడ్డుపడ్డాడు. మొదటి రోజు మేం గీసిన గళ్లు అలాగే ఉన్నాయి: పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, సంతకం. అప్పటికే పదిహేడు మంది నింపేశారు. ఆ కాగితం చింపి, పేరుకూ సంతకానికీ మాత్రమే గళ్లు గీసి, పదిహేడు మంది ఇళ్లకూ మళ్లీ తిరిగాం.